స్టైలస్ కోణం: తల దించి చూడండి

ఇంట్లోనే ఖాళీ డిస్క్ మీద పాట గాడి కోసి గ్రామఫోన్ రికార్డులు చేసుకునే ఒకాయనకు ఈమధ్య కొత్త డైమండ్ స్టైలస్, అంటే గాడి కోసే వజ్రపు సూది, మొదటి డిస్క్ మీదే విరిగింది. పాపం, కోణం చూసుకున్నాడు. చూసింది మాత్రం స్టైలస్‌ను పట్టుకునే మెషీన్ తల పైకి లేపి ఉంచి.

తలను మోసే చెయ్యి కీలు మీద లేస్తుంది. కీలు నుంచి మొనకు 100 మి.మీ. ఉందనుకోండి, 10 మి.మీ. లేపితేనే కోణం దాదాపు 6 డిగ్రీలు మారిపోతుంది. అందుకే డిస్క్ ఆపి, తలను కోత ఎత్తుకు దించి, మొన కింద కాగితమంత సందు వదిలి పక్కనుంచి టార్చి వేయండి. స్టైలస్, డిస్క్‌లో దాని ప్రతిబింబం ఒకే గీతలో ఉంటే నిలువుగా ఉన్నట్టు. మోకాలిలా వంగి కనిపిస్తే వాలినట్టు. మొన ఎదురొచ్చే ప్లాస్టిక్ వైపు పొడుచుకొస్తే తవ్వుకుంటూ దిగబడుతుంది. వెనక్కి ఈడిస్తే కోయదు, రుద్దుతుంది: గాడి గోడలు బూడిదరంగుకు తిరిగి బుస వస్తుంది. స్టైలస్ చేసినవాళ్లు వేరే కోణం చెప్పి ఉంటే దానితోనే మొదలుపెట్టండి.

ఇంకో తిప్పలు. ఎక్కడో 20 డిగ్రీలు అని చదివి మొనను 20 డిగ్రీలు వాల్చేవాళ్లున్నారు. అది రికార్డు వినేటప్పుడు గాడిని చదివే కార్ట్రిడ్జి నిలువు కదలికకు పెట్టిన ప్రమాణం, కోసే ముఖానికి కాదు.

1 మి.మీ. డిస్క్‌కు సరిచేసి 2 మి.మీ.ది ఎక్కించినా ఇదే గోల, చెయ్యి పొట్టిదైతే మరీ. డిస్క్ మందం మారిందా? తల దించి మళ్లీ చూడండి.

స్టైలస్‌ను ఎదుటి వైపు నుంచి కూడా చూడండి. పక్కకు ఒరిగితే గాడి గోడలు రెండూ సమంగా రావు.

మొదటి గాడి పాట లేకుండా కోయండి. దాన్ని చూడ్డానికి హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరికే యూఎస్‌బీ మైక్రోస్కోపు చాలు. గోడలు 90 డిగ్రీల్లో కలిసే గాడి వెడల్పు 60 మైక్రాన్లుంటే లోతు 30.

డిస్క్ తిరుగుతుండగానే మొన దించాలి, తిరుగుతుండగానే లేపాలి.
మొన గాడిలో ఉండగా డిస్క్‌ను వెనక్కి తిప్పొద్దు.
కరెంటు పోతే ముందు తల లేపండి, తర్వాత ఇన్వర్టర్ సంగతి.
సీలింగ్ ఫ్యాన్ ఆపేయండి, కోస్తే లేచే పొట్టు మొనకు చుట్టుకుంటుంది.
తల దించి చూశారా?
ల్యాకర్ డిస్క్ కోస్తుంటే పొట్టును దాన్ని లాగే వ్యాక్యూమ్ మోటారు దాకా పోనివ్వొద్దు, మధ్యలో నీళ్ల సీసా పెట్టండి. ఆ పొట్టు నైట్రోసెల్యులోజ్, భగ్గుమంటుంది. 2020 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలో ల్యాకర్ డిస్కులు చేసే అపోలో మాస్టర్స్ కాలిపోయింది. ఆ పొట్టు ఇంటి చెత్తబుట్టలో వేయొద్దు, ఎండలో అసలే పెట్టొద్దు.