కాదన్న మాట కాగితం మీద తీసుకోండి: బీమా క్లెయిములపై విశాఖ వాసులకు

బీమా సంస్థ తమ క్లెయిమును కాదన్నదని చెప్పుకోవడానికి వచ్చేవారిని నేను ముందుగా అడిగేది, ఆ మాట మీకు రాతపూర్వకంగా ఇచ్చారా అని. గాజువాక నుంచి వచ్చినా, మధురవాడ నుంచి వచ్చినా ఎక్కువ మంది ఇచ్చే జవాబు ఒక్కటే: ఫోనులో చెప్పారు, లేదా ఏజెంటు ఇంటికొచ్చి రాదన్నాడు. అలా నోటిమాటగా వచ్చిన తిరస్కరణ మీద పోరాడటం గాలితో కుస్తీ పట్టడమే. క్లెయిమును తిరస్కరించినప్పుడు పాలసీలోని ఏ షరతు ప్రకారం, ఏ కారణంగా తిరస్కరిస్తున్నారో పాలసీదారుకు రాతలో తెలియజేయవలసిన బాధ్యత బీమా సంస్థది. అది రాకపోతే పాలసీ నంబరు, క్లెయిము నంబరు వేసి, కారణాన్ని షరతు సంఖ్యతో సహా తెలపమని సంస్థకు ఈమెయిల్ పంపి, అదే ఉత్తరాన్ని స్పీడ్ పోస్టులో కూడా పంపాలి.

ఈ ఒక్క కాగితానికి ఇంత ప్రాధాన్యం ఇవ్వడానికి గట్టి కారణం ఉంది. తిరస్కరణ పత్రంలో పేర్కొనని కారణాన్ని బీమా సంస్థ తరువాత కోర్టులో కొత్తగా లేవనెత్తడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2019లో సౌరాష్ట్ర కెమికల్స్ కేసులో స్పష్టం చేసింది. ఆలస్యంగా తెలియజేశారన్న కారణంతో క్లెయిమును కాదన్న సంస్థ, వినియోగదారుల కమిషన్ ముందుకు వచ్చాక పాత జబ్బు దాచారని వాదన మార్చడం కుదరదన్న మాట. పాలసీలోని మినహాయింపు ఏదైనా వర్తిస్తుందని చెప్పేటప్పుడు, అది వర్తిస్తుందని రుజువు చేయవలసిన భారం కూడా సంస్థ మీదే ఉంటుంది. కాబట్టి తిరస్కరణ పత్రం చేతికి వచ్చిందంటే అవతలి పక్షం వాదన మొత్తం మీ చేతికి వచ్చినట్టే.

ఆరోగ్య బీమా, జీవిత బీమా

ఈ రెండింటిలో ఎక్కువగా కనిపించే కారణం, పాలసీ తీసుకునేటప్పటికే ఉన్న జబ్బును దాచారన్నది. దీని మూలం చాలాసార్లు ఆసుపత్రి కేస్ షీటులోని ఒకే ఒక్క వాక్యంలో ఉంటుంది. రాత్రి పదకొండు గంటలకు గుండె నొప్పితో తండ్రిని క్యాజువాలిటీకి తీసుకొచ్చిన కొడుకును డ్యూటీ డాక్టరు షుగరు ఎన్నాళ్ల నుంచి ఉందని అడుగుతారు. కంగారులో ఉన్న కొడుకు అయిదారేళ్లుగా ఉందండీ అంటాడు. అసలు షుగరు బయటపడి రెండేళ్లే అయి ఉండవచ్చు. అయినా కేస్ షీటులో ఆరేళ్లుగా మధుమేహం అని పడుతుంది, అదే డిశ్చార్జి సమ్మరీలోకి ఎక్కుతుంది, మూడేళ్ల క్రితం తీసుకున్న పాలసీ కింద పెట్టిన క్లెయిము దాని మీదే ఆగిపోతుంది. ఇటువంటప్పుడు జబ్బు మొదటిసారి బయటపడిన నాటి ల్యాబ్ రిపోర్టును, మొదటి మందుల చీటీని వెతికి పట్టుకోవాలి. కేస్ షీటులోని వివరం బంధువులు చెప్పిన మాట ఆధారంగా రాసినదేనని చికిత్స చేసిన వైద్యుడి చేత ధ్రువపత్రం తీసుకోవాలి. పాత చికిత్సకు సంబంధించిన రికార్డు ఏదీ చూపకుండా కేవలం డిశ్చార్జి సమ్మరీలోని వాక్యాన్నే ఆధారం చేసుకున్న తిరస్కరణలను వినియోగదారుల కమిషన్లు అనేక సందర్భాల్లో కొట్టివేశాయి.

అయితే ప్రపోజల్ ఫారంలో, అంటే పాలసీ కోసం నింపే దరఖాస్తులో, సూటిగా అడిగిన ప్రశ్నకు తెలిసి తెలిసి అబద్ధం రాసిన వారికి ఈ దారి పనికిరాదు. అడిగిన విషయాన్ని ఉన్నదున్నట్టు చెప్పి తీరాలన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు 2009లో సత్వంత్ కౌర్ సంధు కేసులో గట్టిగానే చెప్పింది. ఏజెంటు చెప్పిన చోటల్లా సంతకం పెట్టి ఫారం నింపే పనిని అతనికే వదిలేసే అలవాటు మనవారిలో బలంగా ఉంది గనుక, పాలసీతో పాటు వచ్చే ప్రపోజల్ ఫారం నకలును ఒకసారి చదివి, తప్పు ఉంటే వెంటనే ఉత్తరం రాసి సరిదిద్దించుకోవడం మేలు.

కాలపరిమితులు కూడా పాలసీదారుకు రక్షణగా నిలుస్తాయి. బీమా చట్టం 1938లోని 45వ సెక్షన్ ప్రకారం, జీవిత బీమా పాలసీ ఇచ్చి మూడేళ్లు గడిచాక దానిని ఏ కారణం మీదా ప్రశ్నించడానికి సంస్థకు అధికారం లేదు. అయితే మధ్యలో ప్రీమియం కట్టక పాలసీ ల్యాప్స్ అయి పునరుద్ధరించి ఉంటే ఆ తేదీ నుంచి కూడా ఈ మూడేళ్లను చూస్తారు. ఆరోగ్య బీమాలో, బీమా రంగ నియంత్రణ సంస్థ అయిన ఐఆర్‌డీఏఐ 2024 నాటి నిబంధనల ప్రకారం, 60 నెలలు ఎడతెగకుండా పాలసీ కొనసాగితే, మోసం రుజువైతే తప్ప, విషయాలు దాచారన్న కారణంతో క్లెయిమును కాదనకూడదు. ముందునుంచీ ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం, అంటే క్లెయిము రాకుండా ఆగవలసిన గడువు, 36 నెలలకు మించకూడదని కూడా అవే నిబంధనలు చెబుతున్నాయి.

క్యాష్‌లెస్ (ఆసుపత్రి బిల్లును సంస్థే నేరుగా చెల్లించడం) నిరాకరించడం, క్లెయిము తిరస్కరించడం రెండూ ఒకటి కాదు. క్యాష్‌లెస్ రాకపోతే బిల్లు చెల్లించి, అన్ని అసలు కాగితాలతో రీయింబర్స్‌మెంట్ అడగవచ్చు. గది అద్దె విషయంలో మాత్రం చేరే రోజే జాగ్రత్త పడాలి. ఐదు లక్షల పాలసీలో గది అద్దె పరిమితి ఒక శాతం, అంటే రోజుకు 5,000 రూపాయలు అయి, మీరు 10,000 రూపాయల గదిలో చేరితే, తగ్గేది గది అద్దె ఒక్కటే కాదు. డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటరు ఛార్జీలు వంటి గదితో ముడిపడిన ఖర్చులన్నీ అదే నిష్పత్తిలో సగానికి పడిపోతాయి. మందులకు, ఇంప్లాంట్లకు, పరీక్షలకు ఈ కోత వర్తించదు. వాటిలోనూ కోత వేసి ఉంటే లెక్క తప్పని రాసి పంపాలి.

బండి, లారీ, కారు

థర్డ్ పార్టీ పాలసీ చట్టప్రకారం తప్పనిసరి. అది మీ బండి వల్ల ఇతరులకు జరిగిన నష్టాన్ని భరిస్తుంది. మీ బండికి జరిగిన నష్టానికి ఓన్ డ్యామేజ్ రక్షణ వేరుగా ఉండాలి. ఇంతవరకు చాలామందికి తెలుసు. తెలియనిది వెనుక సీటు సంగతి. చట్టం కోరే కనీస పాలసీ ద్విచక్రవాహనం వెనుక కూర్చున్న వ్యక్తికి వర్తించదని సుప్రీంకోర్టు 2006లో తిలక్ సింగ్ కేసులో చెప్పింది. థర్డ్ పార్టీ, ఓన్ డ్యామేజ్ రెండూ కలిసిన ప్యాకేజీ పాలసీ ఉంటే వారికీ రక్షణ ఉంటుంది. భార్యాపిల్లలను బండి మీద ఎక్కించుకుని రోజూ ఎన్‌ఏడీ జంక్షన్ దాటేవారు ప్రీమియంలో కొన్ని వందలు మిగిలాయని కనీస పాలసీతో సరిపెట్టుకోవడం నాకు ఎప్పుడూ అర్థం కాదు. నడుపుతున్న యజమాని తన పొరపాటు వల్లే మరణిస్తే థర్డ్ పార్టీ కింద ఏమీ రాదు. దానికోసమే 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంది, అదీ చెల్లుబాటయ్యే లైసెన్సు ఉంటేనే.

ఇక పాత బండి అమ్మకం. బండి అమ్మి డబ్బు తీసుకుని, ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చేసి, ఆర్సీ మార్పిడి కొన్నవారే చూసుకుంటారని వదిలేసినవారు, రెండేళ్ల తరువాత ఆ బండి వల్ల జరిగిన ప్రమాదం మీద ట్రిబ్యునల్ నోటీసు అందుకుని నివ్వెరపోతారు. రవాణా శాఖ రికార్డులో పేరు ఉన్న వ్యక్తే చట్టం దృష్టిలో యజమాని అనీ, నష్టపరిహారం బాధ్యత అతనిదే అనీ సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో తేల్చింది. ఆనాటికి బీమా కూడా లేకపోతే ఆ మొత్తం అమ్మినవారి ఇంటి మీదకు వస్తుంది. కొన్నవారి విషయానికొస్తే, యాజమాన్యం మారినప్పుడు థర్డ్ పార్టీ రక్షణ దానంతట అదే కొత్త యజమానికి బదిలీ అయినట్టు చట్టం భావిస్తుంది, కానీ ఓన్ డ్యామేజ్ రక్షణ అలా మారదు. అందుకే 14 రోజుల్లో బీమా సంస్థకు దరఖాస్తు చేసి పాలసీని తమ పేరు మీదకు మార్పించుకోవాలి.

ప్రమాదంలో గాయపడినవారు లేదా మృతుల కుటుంబం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోగా మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేయాలని మోటారు వాహనాల చట్టంలోని 166వ సెక్షన్ చెబుతోంది. ప్రమాదం జాతీయ రహదారి మీద శ్రీకాకుళం దగ్గర జరిగినా, మీరు ఉండేది విశాఖలో అయితే ఇక్కడే వేయవచ్చు. ఎవరి తప్పన్నది రుజువు చేయకుండానే 164వ సెక్షన్ కింద మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయాలకు 2.5 లక్షలు కోరవచ్చు. ఢీకొట్టి పారిపోయిన వాహనం ఆచూకీ దొరకనప్పుడు మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయాలకు 50,000 రూపాయల పరిహారం ప్రత్యేకంగా ఉంది. డ్రైవరుకు లైసెన్సు లేదన్న కారణంతో బాధితులకు పరిహారం ఎగ్గొట్టడం కుదరదు. అటువంటి కేసుల్లో ముందు బాధితులకు చెల్లించి, తరువాత యజమాని నుంచి వసూలు చేసుకోమని ట్రిబ్యునళ్లు బీమా సంస్థను ఆదేశించడం పరిపాటి.

బండి దొంగతనం కేసుల్లో, పోలీసులకు వెంటనే ఫిర్యాదు చేసి బీమా సంస్థకు మాత్రం కొద్ది రోజులు ఆలస్యంగా చెప్పినందుకు క్లెయిమును కాదనకూడదని 2020లో గుర్‌షిందర్ సింగ్ కేసులో తీర్పు వచ్చింది. ఎఫ్‌ఐఆర్ తేదీయే ఇక్కడ ఆయువుపట్టు.

గాలివాన, వరద

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తరువాత ఈ నగరంలో ఇంటి బీమా అనే మాట అందరి నోటా వినిపించింది. కొన్నేళ్లకు మరుగున పడింది. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న భారత్ గృహ రక్ష పాలసీలో తుఫాను, వరద రెండూ ఉన్నాయి. ఇంటి విలువ తక్కువగా చూపారంటూ పరిహారంలో కోత వేసే పద్ధతి ఈ పాలసీలో లేదు. దుకాణాల, గోదాముల పాలసీల్లో మాత్రం ఆ కోత ఉండవచ్చు కాబట్టి, పూర్ణా మార్కెట్ వర్తకులు సరుకు విలువను నిల్వ ఎక్కువగా ఉండే నెలను బట్టి చూపడం మంచిది.

నీళ్లు తీశాక ఇల్లు కడిగేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. కడిగే ముందు గోడ మీద బురద గీత ఎంత ఎత్తు వరకు ఉందో, పక్కన టేపు నిలబెట్టి, తేదీ కనిపించేలా ఫొటో తీయండి. ఫ్రిజ్ వెనుక అతికించిన సీరియల్ నంబరును కూడా ఫొటో తీయండి. నష్టాన్ని అంచనా వేసే సర్వేయర్ వచ్చేసరికి ఆ గీత చెరిగిపోతే, నీరు మోకాలి ఎత్తు వచ్చిందన్నది మీ మాటగానే మిగులుతుంది. పాడైన వస్తువులను సర్వేయర్ చూసేవరకు పారేయకూడదు. సర్వే నివేదిక నకలును అడిగి తీసుకోవాలి.

సెల్లారులో మునిగిన కారును స్టార్ట్ చేయడానికి ప్రయత్నించకండి. వరద నష్టం ఓన్ డ్యామేజ్ కింద వస్తుంది. కానీ ఇంజనులోకి నీరు చేరి ఉండగా తాళం తిప్పడం వల్ల ఇంజను పాడైతే, ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు రక్షణ లేనిదే సంస్థలు దానిని భరించవు. కారును టోయింగ్ వాహనంతోనే వర్క్‌షాపుకు పంపి, ఆ రసీదు దాచండి.

పరిశ్రమల ప్రమాదాల బాధ్యత

2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి లీకైనప్పటి నుంచి, పరిశ్రమలో ప్రమాదం జరిగితే బాధితులకు ఎవరు బాధ్యులన్న ప్రశ్న నగరంలో తరచూ వినిపిస్తోంది. ప్రమాదకర పదార్థాలను వాడే సంస్థలు పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం 1991 కింద బీమా తీసుకోవాలి. బాధితులు సంస్థ నిర్లక్ష్యాన్ని రుజువు చేయనక్కర లేదు. ప్రమాదం జరిగిన ఐదేళ్లలోగా జిల్లా కలెక్టరుకు దరఖాస్తు చేయాలి. ఇది తక్షణ సహాయం మాత్రమే, ఎక్కువ పరిహారం కోసం వేరే చట్టాల కింద కోరే హక్కు అలాగే ఉంటుంది.

ఎక్కడికి వెళ్లాలి

మొదట సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయాలి. ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్‌లోనూ, 155255 నంబరులోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు. జవాబు నచ్చకపోయినా, నెల రోజులు గడిచినా రాకపోయినా, బీమా వివాదాలను విని తేల్చే అధికారి అయిన బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. మన రాష్ట్రానికి ఆ కార్యాలయం హైదరాబాదులో ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర లేదు, వీడియో ద్వారా విచారణకు కూడా నియమాలు అవకాశం ఇస్తున్నాయి. 50 లక్షల రూపాయల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఆయనకు ఉంది. తీర్పు సంస్థను కట్టిపడేస్తుంది గాని మిమ్మల్ని కాదు. నచ్చకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. అయితే కమిషన్‌లో కేసు నడుస్తుండగా అదే విషయం మీద అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లడానికి వీల్లేదు, కాబట్టి ముందు అంబుడ్స్‌మన్ అన్నదే నా సలహా.

జిల్లా కమిషన్ పరిధిని చెల్లించిన ప్రీమియాన్ని బట్టి లెక్కిస్తారు గనుక దాదాపు ప్రతి కుటుంబ పాలసీ విశాఖలోని జిల్లా కమిషన్ ముందుకే వస్తుంది. వ్యాపారం కోసం తీసుకున్న బీమా అయినంత మాత్రాన వర్తకుడు వినియోగదారుడు కాకుండా పోడని సుప్రీంకోర్టు 2023లో హర్సోలియా మోటార్స్ కేసులో చెప్పింది.

తక్కువ మొత్తం ఇస్తూ పూర్తి, తుది పరిష్కారం అని రాసిన వోచర్ మీద సంతకం అడిగితే, సంతకం పక్కనే అభ్యంతరంతో స్వీకరిస్తున్నాను అని రాయండి. అలా రాయనివ్వకపోతే అదే రోజు ఆ సంగతి చెబుతూ ఈమెయిల్ పంపండి. నెలలు గడిచాక ఒత్తిడితో సంతకం చేశానంటే నమ్మించడం కష్టం.

అంబుడ్స్‌మన్‌కు ఏడాది, కమిషన్‌కు రెండేళ్లు గడువు. అది తిరస్కరణ నుంచి లెక్కకు వస్తుంది కాబట్టి, ఆ పత్రం వచ్చిన కవరును కూడా పారేయకుండా, తపాలా ముద్రలోని తేదీ కనిపించేలా పత్రానికే పిన్ను పెట్టి ఉంచండి.