మాస్ స్పెక్ట్రోమీటర్‌తో చర్యా విధానం తేల్చడం: ముందు కాగితం, తర్వాతే మెషీన్

మాస్ స్పెక్ట్రోమీటర్ (అయాన్లను ద్రవ్యరాశిని బట్టి వేరు చేసి చూపే మెషీన్) దగ్గరికి శాంపిల్ పట్టుకొచ్చిన విద్యార్థిని నేను ముందు అడిగేది కాగితం: "నీ మెకానిజంలో ఒక్కో మెట్టు ద్రవ్యరాశి ఎంతో రాశావా?" రాయకపోతే వెనక్కి పంపిస్తాను. స్పెక్ట్రమ్ చూశాక లెక్క మొదలుపెడితే ఏ పీక్‌కైనా (ఒక ద్రవ్యరాశి దగ్గర లేచే గీత) ఏదో ఒక నిర్మాణం అంటగట్టేయొచ్చు మరి.

ఉదాహరణకి ప్రోలీన్ ఉత్ప్రేరకంగా ఎసిటోన్‌కీ, 4-నైట్రోబెంజాల్డిహైడ్‌కీ జరిగే ఆల్డాల్ చర్య (రెండూ కొత్త కార్బన్-కార్బన్ బంధంతో కలిసేది) తీసుకుందాం. 2000లో లిస్ట్, లెర్నర్, బార్బాస్ ప్రచురించిన చర్య ఇది. ప్రోలీన్ 115, ఎసిటోన్ 58, ఆల్డిహైడ్ 151. ప్రోలీన్, ఎసిటోన్ కలిసి నీటి అణువు పోతే 155, ప్రోటాన్‌తో 156. దానికి ఆల్డిహైడ్ చేరితే 307. ప్రోలీన్ నేరుగా ఆల్డిహైడ్‌తోనే ముడిపడి నీరు పోతే ప్రోటాన్‌తో 249. విడి ప్రోలీన్ 116 దగ్గర, సోడియంతో 138 దగ్గర, జంటగా 231 దగ్గర కనిపిస్తుంది. చివరి ఉత్పన్నం సోడియంతో 232. ఈ పట్టికలో లేని పెద్ద పీక్ వస్తే అది వట్టి చెత్తో, మీరు ఊహించని దారో తేల్చాలి.

ఎలక్ట్రోస్ప్రేకి (ద్రావణాన్ని ఆవేశమున్న సన్నని చుక్కలుగా చల్లి అయాన్లు చేసే భాగం) చర్యా మిశ్రమాన్ని ఉన్నదున్నట్టు పంపకండి. లీటరుకు 0.1 మోల్ ఉన్నదాన్ని వెయ్యి రెట్లకు పైగా పలచన చేయాలి. పలచనకి మిథనాల్ వద్దు, అది ఆల్డిహైడ్‌కీ, ఇమినియంకీ (ప్రోలీన్, ఎసిటోన్ కలిసి నీరు పోయాక వచ్చే, నైట్రోజన్ మీద ధన ఆవేశమున్న అయాన్) చేరి 32 ఎక్కువున్న కొత్త పీకులు పుట్టిస్తుంది. చల్లటి ఎసిటోనైట్రైల్ మేలు. కోన్ వోల్టేజీ (అయాన్లను మెషీన్‌లోకి లాగే వోల్టేజీ) తక్కువలో పెట్టండి, లేకపోతే నాజూకు ఇంటర్మీడియట్లు (చర్య మధ్యలో పుట్టి పోయే పదార్థాలు) అయాన్లు పుట్టే సోర్సులోనే విరిగిపోతాయి.

తర్వాత బ్లాంకులు, అంటే పోలిక కోసం నడిపే రన్‌లు. ప్రోలీన్ లేకుండా ఒకటి, ఆల్డిహైడ్ లేకుండా ఒకటి. ఇంకొకటి చాలామంది వదిలేస్తారు: ప్రోలీన్‌నీ, ఎసిటోన్‌నీ వేర్వేరు సిరంజిల్లో ముందే పలచన చేసి, స్ప్రేకి ఆనుకునే కలపడం. అప్పుడూ 156 అంతే ఎత్తున వస్తే టెన్షన్ పడాల్సిందే. స్ప్రే చుక్కలు ఆవిరయ్యే కొద్దీ గాఢత పెరుగుతుంది, కొన్ని చర్యలు ఫ్లాస్కులోకన్నా చుక్కలోనే వేగంగా జరుగుతాయి. మీరు చూస్తున్నది చుక్కలో పుట్టిన 156 కావచ్చు.

ఇక్కడ బాగా పనికొచ్చేది ఆలస్యంగా లేబుల్ వేయడం. రసాయన శాస్త్రవేత్త జానా రోయితోవా బృందం బంగారం ఉత్ప్రేరక చర్యల్లో వాడిన పద్ధతి ఇది. చర్యను మామూలు ఎసిటోన్‌తో మొదలుపెట్టి, అది స్థిరంగా నడుస్తుండగా అంతే మోల్‌ల డ్యుటీరియం ఎసిటోన్ (డి6, అంటే ఆరు హైడ్రోజన్ల చోట బరువైన హైడ్రోజన్ ఉన్నది) కలపండి. కొత్తగా పుట్టే అయాన్ 162 దగ్గర వస్తుంది. 162, 156 నిష్పత్తిని నిమిషం నిమిషం గమనించండి. ఆ అయాన్ చుక్కలోనే పుడుతుంటే నిష్పత్తి వెంటనే ఎసిటోన్‌ల నిష్పత్తికి చేరుతుంది. ద్రావణంలో కొంతసేపు బతికే పదార్థమైతే మెల్లగా ఎక్కుతుంది, ఆ వేగం నుంచి దాని జీవితకాలం లెక్కకొస్తుంది. వెంటనే చేరినంత మాత్రాన చుక్కదే తప్పు అనకండి, ద్రావణంలో మార్పిడి అతివేగంగా ఉన్నా అలాగే కనిపిస్తుంది. ఈ పద్ధతి నాకు ఇష్టం ఎందుకంటే రెండు అయాన్లూ దాదాపు ఒకేలా అయనీకరణం చెందుతాయి, కాబట్టి నిష్పత్తిని నమ్మొచ్చు. వేర్వేరు పదార్థాల పీకుల ఎత్తుల్ని గాఢతలుగా చదివే గ్రాఫులంటే మాత్రం నాకు నమ్మకం లేదు.

అసలు చిక్కు ఇప్పుడు. ఆల్డిహైడ్‌తో చర్య జరిపేదని భావించే ఈనమీన్ (కార్బన్-కార్బన్ ద్విబంధం పక్కన నైట్రోజన్ ఉన్నది), దాని ఇమినియం రూపం, వలయం మూసుకున్న ఆక్సజోలిడినోన్, మూడూ ప్రోటాన్‌తో 156 దగ్గరే వస్తాయి. ఎంత హై రిజల్యూషన్ మెషీన్ కొన్నా ఫార్ములా ఒక్కటే కదా, విడదీయలేదు. డి6 ఎసిటోన్‌తో నడిపిన చర్యలో కొంచెం మామూలు నీరు ఉంచితే 162 కాస్తా 161, 160గా జారుతుంది. మిథైల్ మీది డ్యుటీరియం అలా పోవడానికి ఈనమీన్ ఏర్పడడం సహజమైన దారి. ఆ దారి తెరిచి ఉందని దీంతో చెప్పొచ్చు, ఉత్పన్నం దాని గుండానే వచ్చిందని చెప్పలేం. 307ని మెషీన్‌లో విడిగా పట్టి వాయువుతో గుద్దించినప్పుడు 151 ఊడి 156 మిగిలితే రెట్రో-ఆల్డాల్ (ఆల్డాల్ చర్య వెనక్కి నడవడం) జరిగిందని, అంటే ఆల్డిహైడ్ కొత్త కార్బన్-కార్బన్ బంధంతో చేరి ఉండొచ్చని కొంత బలం. మిగతాది ఎన్ఎంఆర్ (అయస్కాంత క్షేత్రంలో అణు నిర్మాణం చూపే పద్ధతి) చూసుకోవాలి. రిపోర్టులో "156 దగ్గర ప్రోలీన్-ఎసిటోన్ సంయోగం కనిపించింది" అని రాయండి, "ఈనమీన్ కనిపించింది" అని రాయకండి.

మీ ఇంటర్మీడియట్‌కి ఆవేశమే లేకపోతే పీక్ రాదు. అప్పుడు చర్య జరిగే చోటుకి దూరంగా క్వాటర్నరీ అమ్మోనియం లాంటి శాశ్వత ఆవేశాన్ని తగిలించిన ఆల్డిహైడ్ వాడతారు. తగిలించాక చర్య వేగం మారలేదని ముందు విడిగా చూసుకోండి. వాటి గాఢత కూడా బాగా తగ్గించండి, ఈ అయాన్లు సోర్సుని, గొట్టాల్ని ఒకపట్టాన వదలవు. రన్ అయ్యాక బ్లాంక్ శుభ్రంగా వచ్చేదాకా కడగండి. లేదంటే మీ తర్వాత కూర్చునేవాళ్లు మీ ట్యాగ్ పీక్‌ని తమ ఇంటర్మీడియట్ అనుకుని సంబరపడతారు.