తీరప్రాంతపు కొండల్లో బస ఎంచుకునే ముందు

తీరం వెంబడి కొండలున్న ప్రాంతంలో బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ బసను (ఇంటివారే గదితో పాటు ఉదయపు అల్పాహారం కూడా ఇచ్చే బసను) ఎంచుకునేవారు, ఆ ఇల్లు కొండకు ఏ వైపున ఉందో ముందుగా చూసుకోవాలి. సముద్రం మీదుగా వచ్చే గాలి కొండ ఎక్కుతూ చల్లబడి, తనలోని తేమను ఎదురుగా ఉన్న వాలు మీదే ఎక్కువగా కురిపిస్తుంది కనుక, అవతలి వాలున వాన సాధారణంగా తక్కువగా ఉంటుంది. ఎత్తు 1,000 మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది.

ఇలాంటి ఇళ్లలో రాత్రంతా మేలుకొని ఉండే సిబ్బంది సాధారణంగా ఉండరు, ఇంటివారే అన్నీ చూసుకుంటారు కాబట్టి, చేరే వేళను ముందే ఫోన్ చేసి చెప్పి, పొగమంచు కమ్మే ఘాట్ రోడ్డును చీకటి పడకముందే దాటడం, నా దృష్టిలో, అన్నిటికన్నా ముఖ్యం. తెల్లవారుజామునే కొండ ఎక్కదలచినవారు, అల్పాహారాన్ని పొట్లం కట్టి ఇవ్వగలరేమో ముందురోజు సాయంత్రమే అడగాలి.