జేబు ఖాళీ కాకుండా బరంపురం నుంచి కోరాపుట్ దాకా తిని రావడం ఎలా?

మాది ఒడిశాలోని బరంపురం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, పళ్లెంలో రెండూ. విశాఖ నుంచో విజయవాడ నుంచో చుట్టాలు వచ్చినప్పుడల్లా ఒకటే అడుగుతారు, ఈ పక్క తినడానికి ఏం బాగుంటాయి, ఎంతవుతుంది అని. ఏం బాగుంటాయో పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెప్పగలను. ఎంతవుతుందన్నది మాత్రం మీరు ఏ రోజు, ఏ పూట వస్తారన్న దాని మీద ఉంటుంది. సంత లేని రోజు కొండకి వెళ్తే, వేటకి పడవలు వెళ్లని నెలలో చేప కోసం సముద్రానికి వెళ్తే, టిఫిన్ అయిపోయాక పదకొండింటికి లేచి వీధిలోకి వస్తే, ఆకలి మీద కనబడిన పెద్ద హోటల్లో కూర్చుంటాం, అక్కడే డబ్బు పోతుంది. వేళ చూసుకుని వచ్చేవాళ్లకి ఈ ప్రాంతం చాలా చవక. నేను రోజుకి తిండి వరకు నాలుగొందలు పక్కన పెట్టుకుంటాను, చాలాసార్లు అందులో మిగులుతుంది కూడా.

1. టికెట్ కంటే ముందు క్యాలెండర్

ఇది అందరూ వదిలేసే పని, అందుకే కొంచెం వివరంగా చెప్తాను. ఒడియా వాళ్ల నెలలు పున్నమితో అయిపోతాయి, మనవి అమావాస్యతో. మన కార్తీకం దీపావళి మర్నాడు మొదలైతే, ఇక్కడి కార్తీకం అప్పటికే సగం గడిచి ఉంటుంది. ఆ నెలంతా చాలా ఇళ్లలో చేప, మాంసం ముట్టరు. పున్నమితో ముగిసే చివరి అయిదు రోజుల్ని పంచుక అంటారు, అప్పుడైతే మరీ గట్టిగా పాటిస్తారు. హోటళ్లలో కూడా చాలా చోట్ల నీచు వండరు. మటన్ కోసమే వస్తున్నట్టయితే ఆ అయిదు రోజులూ వద్దు. కార్తీక పున్నమి మర్నాడు ఛాడఖాయి, అంటే నెల రోజులు నోరు కట్టుకున్నవాళ్లంతా ఒకేసారి మాంసం కొట్ల ముందు నిలబడే రోజు. ఆ రోజు ధరలు ఎక్కుతాయి. ఒక్క రెండు రోజులు ఆగి వస్తే అదే మేక మాంసం మామూలు ధరకి తినొచ్చు.

ఆ వెంటనే వాళ్ల మార్గశిరం. ప్రతి గురువారం లక్ష్మీపూజ, మాణబసా గురుబారొ అంటారు, తెల్లవారేసరికి గుమ్మాల ముందు బియ్యప్పిండి ముగ్గులు ఉంటాయి. ఇళ్లలో ఆ రోజు నీచు ఉండదు గానీ పిఠాలు, అంటే పిండివంటలు, చేస్తారు. ఒడియా స్నేహితులు ఎవరైనా ఉంటే గురువారం పూట పిలిపించుకోండి, మొహమాటపడకండి. వాళ్లు పెట్టే మనుషులు.

సముద్రపు చేప కావాలంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు రాకండి. తూర్పు తీరమంతటా ఆ 61 రోజులు మర పడవలు వేటకి వెళ్లకూడదు, చేపలు గుడ్లు పెట్టే కాలమని. చేప దొరకదని కాదు, తక్కువ వస్తుంది, ఖరీదు ఎక్కువ. ఆ నెలల్లో పఖాళొ తినండి. పఖాళొ అంటే మన చద్దన్నమే. మన అమ్మమ్మల ఇళ్లలో పొద్దున తినేది ఇక్కడ మధ్యాహ్నం భోజనం, పక్కన వేయించిన చేప ముక్క, ఆకుకూర, ఇంకా బడీ చురా, అంటే వేయించిన మినప వడియాల్ని వెల్లుల్లి, పచ్చిమిర్చి, ఉల్లిపాయతో నలిపిన పొడి. ఎండలో తిరిగి వచ్చి ఆ పళ్లెం ముందు కూర్చుంటే కలిగే సుఖం ఏ చల్లటి సీసాలోనూ లేదు. జూన్ మధ్యలో మూడు రోజుల రజొ పండగ, అప్పుడు పోడ పిఠా వస్తుంది. బియ్యం, మినప్పిండిలో బెల్లం, కొబ్బరి కలిపి సన్న నిప్పు మీద చాలాసేపు కాలుస్తారు, అడుగు నల్లగా మాడినట్టుండే చోటే రుచంతా ఉంటుంది.

2. పాసింజరే మీ బండి

విశాఖ వైపు నుంచి వచ్చేవాళ్లకి పలాస, ఇచ్ఛాపురం, బరంపురం, ఛత్రపురం, రంభ అన్నీ ఒకే లైను మీద ఉన్నాయి. పాసింజర్లో జనరల్ టికెట్ తీసుకోండి, రైల్వే వాళ్ల యాప్‌లో తీసుకుంటే క్యూ కూడా ఉండదు. నెమ్మదిగా వెళ్తుందని విసుక్కోకండి, అది ఆగే ప్రతి స్టేషన్లో ఏదో ఒకటి పెట్టెలోకి ఎక్కుతుంది. పలాసలో జీడిపప్పు కొంటే గుళ్లు కాకుండా బద్ద అడగండి. తీసేది అదే గింజలోంచి, రెండు ముక్కలయిందని ధర తగ్గుతుంది, ఉప్మాలో వేసుకునేదానికి గుండ్రంగా ఉంటే ఏమిటి, లేకపోతే ఏమిటి.

పర్లాకిమిడి వెళ్లాలంటే నౌపడా దగ్గర గుణుపురం లైను పట్టుకోవాలి. 1900లో రాజావారు వేయించిన చిన్న రైలు దారి అది, ఇప్పుడు పెద్ద పట్టాలు పడ్డాయి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు బడి పంతులుగా పనిచేసింది, సవరల భాష నేర్చుకుంది ఈ ఊళ్లోనే. మహేంద్రతనయ దాటితే మన పాతపట్నం. పొద్దున అటు టిఫిన్, మధ్యాహ్నం ఇటు భోజనం చేసి రాష్ట్రం మారిన సంగతి కూరలో పోపు వాసనని బట్టి పసిగట్టొచ్చు.

రాయగడకి విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా రైలుంది, కోరాపుట్‌కి అరకు మీదుగా కొండల్లోంచి. కారు మాట్లాడుకుంటే ఆ ఒక్కరోజు అద్దెతో మీరు మూడు రోజులు తినొచ్చు.

గది విషయంలో ఒకటే మాట. ఊరూరికీ గది మార్చకండి. బరంపురంలో ఒకచోట దిగి రెండు రాత్రులు అక్కడే ఉండి, సముద్రం ఒడ్డున గోపాలపురం, చిలికా ఒడ్డున రంభ, కొండ దారిలో తప్తపాణి పగలు వెళ్లి రండి. గోపాలపురం 16 కిలోమీటర్లే.

3. బరంపురంలో పొద్దున ఏడింటికే వీధిలో ఉండాలి

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆ మాట బళ్లో చదువుకున్నా, నాకు నిజంగా అర్థమైంది టిఫిన్ బండి దగ్గర. ఒకే పెనం పక్కన ఇడ్లీ, దోసె, పూరీ, బరా, ఉప్మా ఉంటాయి, వాటి మీద సాంబారు పోస్తారా, ఘుగుని వేస్తారా అని అడుగుతారు. ఘుగుని అంటే ఎండు బఠాణీల కూర. బరా అంటే మన గారె. ఉప్మా మీద ఘుగుని వేయించుకుని తినడం మీకు మొదట వింతగా ఉంటుంది, రెండోరోజు అదే కావాలంటారు.

ఇక్కడ చవకగా, ఎక్కువ రకాలు తినాలంటే పద్ధతి ఇది. ఒక్క బండి దగ్గర కడుపు నింపుకోకండి. ఇద్దరు వెళ్లండి, ఒక్క ప్లేటు తీసుకుని పంచుకోండి, నాలుగు బళ్లు తిరగండి. ఒకచోట బరా, ఇంకోచోట పూరీ, మరోచోట చకుళి, అంటే పలచటి దోసె లాంటి పిఠా. అడగడానికి రెండు ఒడియా మాటలు చాలు. "కేతే?" అంటే ఎంత, "టికే" అంటే కొంచెం. బండి దగ్గర ఉన్నావిడ పెద్దదైతే "మావుసీ" అనండి, మగాయన అయితే "భయినా". అయినా పాత ఊళ్లో సగంమంది మీ మాట విని తెలుగులోనే జవాబిస్తారు. తొమ్మిదిన్నర దాటితే మంచి బళ్లు కట్టేస్తారు, ఇది గుర్తుంచుకోండి.

మధ్యాహ్నం మీల్స్‌కి కూర్చుంటే అన్నం ఉప్పుడు బియ్యంది రావచ్చు. పచ్చి బియ్యం అన్నం కావాలంటే "అరువా" ఉందా అని అడగండి. నా మాట వింటే ఉప్పుడు బియ్యమే తినండి, దాల్మా దానితోనే బాగుంటుంది. పప్పులో బొప్పాయికాయ, అరటికాయ, మునక్కాడ వేసి ఉడికించి, జీలకర్ర, ఆవాలు, మెంతులు, సోంపు, నల్లజీలకర్ర అయిదూ కలిపిన పోపు పెడతారు. అదే దాల్మా, అన్నం పేదవాళ్ల కోసం 5 రూపాయలకే పెట్టాలని 2015 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఆహార్ కేంద్రాలు మొదలుపెట్టినప్పుడు, మొదటి అయిదు ఊళ్లలో బరంపురం ఒకటి. అది కూలి పనికి వచ్చినవాళ్లకి, ఆసుపత్రి దగ్గర ఉన్నవాళ్లకి ఆధారం, మనం ఊరు చూడ్డానికి వచ్చి అక్కడ క్యూ పెంచడం నాకు నచ్చదు.

సాయంత్రం గుప్‌చుప్, అంటే పానీపూరీ, ఇంకా మురీ మిక్చర్, అంటే మరమరాల మిక్చర్. వివరాలు అక్కర్లేదు, వాసనే దారి చూపిస్తుంది.

4. నీళ్ల పక్కన తినేటప్పుడు ముందు తూకం, తర్వాత వంట

ఒకసారి నేను, మా బావ ఒక బీచ్ పక్క హోటల్లో "పెద్ద చేప ఒకటి వేయించండి" అన్నాం, ధర అడగలేదు. బిల్లు వచ్చాక ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అది ఎన్ని గ్రాములో, కేజీ ఎంతో అడగకపోవడం మా తప్పే. అప్పట్నుంచి పచ్చి చేపని కళ్లతో చూసి, తూకం వేయించి, వండడానికి వేరే తీసుకుంటారా అని కూడా అడిగాకే కూర్చుంటున్నాను.

గోపాలపురంలో ఇంకా మంచి దారి ఉంది. అక్కడ వేటకి వెళ్లే నోలియాలు తెలుగువాళ్లు. పొద్దున్నే పడవలు ఒడ్డుకి వచ్చే వేళకి ఇసుక మీద ఉంటే, బుట్టల దగ్గర కూర్చున్న ఆడవాళ్లతో "అమ్మా, ఇదేం చేప? ఎంతకిస్తావు?" అని మన మాటలోనే బేరం చేసుకోవచ్చు. ఆ చేప పట్టుకెళ్తే వండిపెట్టే చిన్న హోటలు ఏదైనా ఉందా అని కూడా వాళ్లనే అడగండి.

చిలికా పీతలు, రొయ్యల కోసం రంభలో దిగండి. పడవ ఒక్కరే మాట్లాడుకుంటే భారం, రేవు దగ్గర కాసేపు నిలబడితే ఇంకో కుటుంబం వస్తుంది, కలిసి బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్ దాకా వెళ్లి రావచ్చు. చలికాలమైతే వలస పక్షులు కూడా. పీత తినడానికి ఓపిక కావాలి, ట్రైన్‌కి గంట ముందు ఆర్డర్ ఇచ్చి టెన్షన్ పడకండి.

5. కొండ ఎక్కితే సంత రోజునే

బరంపురం నుంచి తప్తపాణి వేడి నీటి బుగ్గ మీదుగా మోహనా వైపు బస్సులు వెళ్తాయి. ఆ పక్కనే చంద్రగిరి, 1963 నుంచి టిబెట్ వాళ్లు ఉంటున్న చోటు. జిరంగ దగ్గర వాళ్ల పెద్ద బౌద్ధ మఠం ఉంది. దలైలామా 2010లో వచ్చి ప్రారంభించారు. మోమోలు, తుక్పా అనే నూడుల్స్ సూప్ ఇక్కడే తినండి. చలికాలంలో వాళ్లలో చాలామంది స్వెట్టర్లు అమ్ముకోవడానికి ఊళ్లు పట్టుకు వెళ్తారు, కాబట్టి వాళ్ల ఊరు నిండుగా చూడాలంటే వేరే కాలం మంచిది. తిరుగు బస్సు వేళ దిగిన వెంటనే కండక్టర్ని అడిగి పెట్టుకోండి.

కోరాపుట్ వైపు నాకు అన్నిటికంటే ఇష్టం. శుక్రవారం కుందులి సంత, సిమిలిగుడ దగ్గర. బుధవారం రాయగడ జిల్లాలో చాటికోన సంత, డొంగ్రియా కొంధులనే గిరిజనులు కొండ దిగి పండ్లు, పసుపు, అల్లం తెస్తారు. సంతలో తాగాల్సింది చోడంబలి, అంటే రాగి అంబలి, వాళ్లు మండియా పేజ్ అంటారు. పుల్లగా, చల్లగా ఒక్క గ్లాసు తాగితే మధ్యాహ్నం దాకా ఆకలి అడగదు. వానాకాలంలో వెదురు కొమ్ములు వస్తాయి, కూర వండించుకునే వీలుంటే వదలకండి. కోరాపుట్ కాలాజీరా బియ్యం ఒక కేజీ కొనండి. పొట్టుతో ఉన్న వడ్లగింజ జీలకర్రలా సన్నగా, నల్లగా ఉంటుంది, వండితే ఇల్లంతా వాసన, ఈ ప్రాంతపు సరుకేనని చెప్పే జీఐ గుర్తింపు కూడా 2024లో వచ్చింది. కొండమీద పండిన కాఫీ పొడి కూడా అక్కడే.

ఒక్కటి గట్టిగా చెప్తాను. సంతలో బేరం రూపాయి రూపాయికీ చేయకండి. మీకు సరుకు అమ్మే ఆవిడ తెల్లవారుజామున తలమీద బరువు పెట్టుకుని మైళ్లు నడిచి వచ్చిన మనిషి. అడగకుండా ఫోటో తీయకండి. పది గంటల ఎండ లోపల వెళ్తే సరుకు తాజాగా ఉంటుంది, ఆమెకి అమ్మకం తొందరగా అయితే ఇంటికి చేరేది కూడా పొద్దుండగానే.

6. తిరిగి వెళ్లేటప్పుడు సంచిలో

బరంపురం అప్పడాలు, వడియాలు, ఊరగాయలు ఈ చుట్టుపక్కలంతా పేరున్నవి. పెద్ద బజారులో తూకానికి కొనండి, రంగు ప్యాకెట్లో ఉన్నవి వద్దు. కొనేముందు ఒక అప్పడం విరిచి చూడండి. ఫట్‌మని విరిగితే బాగా ఎండినట్టు, వంగితే తడి ఉన్నట్టు, రైల్లోనే బూజు మొదలవుతుంది. ఊరగాయ సీసాకి మూత కింద ప్లాస్టిక్ కాగితం కట్టించి, నిలబెట్టి పట్టుకెళ్లండి, చీరల మధ్య పెట్టకండి. వడియాలు ఇంటికెళ్లాక ఒక పూట ఎండలో వేసి డబ్బాలో పోసుకుంటే, వచ్చే వేసవిలో చద్దన్నం పక్కన బడీ చురా చేసుకునేదాకా నిలవ ఉంటాయి.