గులాబీ వలయాల రోడోక్రోసైట్‌ను ఎలా గుర్తించాలి, ఎలా కాపాడుకోవాలి?

మనసుకు ఊరటనిస్తుందని నమ్మి రోడోక్రోసైట్ కొన్నవారు, శుద్ధి చేయాలంటూ దాన్ని రాత్రంతా ఉప్పునీళ్లలో నానబెడతారు. ఇంత అందమైన రాయి అలా మెరుపు కోల్పోవడం నాకు బాధ కలిగిస్తుంది. అది ఎలా పుట్టిందో తెలిస్తే ఆ పని చేయబుద్ధి కాదు.

ముందుగా చారలు పరిశీలించండి. ఇది మాంగనీస్ కార్బొనేట్. వెండి, సీసం, రాగి దొరికే రాతి పగుళ్లలో వేడి నీరు మోసుకొచ్చిన మాంగనీస్ పేరుకుని ఏర్పడుతుంది. అర్జెంటీనాలోని కటమార్కా ప్రావిన్స్‌లో ఉన్న కపిల్లీటాస్ గనిలో ఇది పైనుంచి కిందికి వేలాడే స్టాలక్టైట్‌లుగా పెరిగింది. వాటిని అడ్డంగా కోస్తే ఉల్లిపాయ పొరల్లాంటి గులాబీ, తెలుపు వలయాలు బయటపడతాయి. కాల్షియం ఎక్కువగా కలిసిన పొర పాలిపోయి ఉంటుంది, మాంగనీస్ ఎక్కువైన చోట రంగు చిక్కబడుతుంది. అమెరికాలోని కొలరాడోలో మాత్రం చారలు లేని చిక్కటి ఎర్ర స్ఫటికాలు దొరికాయి. 2002లో ఆ రాష్ట్రం దీన్ని తన అధికారిక ఖనిజంగా ప్రకటించింది.

తెల్ల చారలకు బదులు నల్లని గీతలు అల్లుకుని ఉంటే అది బహుశా రోడోనైట్ అనే మరో గులాబీ రంగు రాయి. సందేహం తీరకపోతే, కంటికి కనిపించని అంచున చాకు మొనతో మెల్లగా గీయండి. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ కొలమానంలో రోడోక్రోసైట్ కాఠిన్యం 3.5 నుంచి 4 మాత్రమే కాబట్టి సులువుగా గీత పడుతుంది. రోడోనైట్‌పై అంత తేలిగ్గా పడదు.

ఇది మూడు దిశల్లో తేలిగ్గా చీలే రాయి కూడా. అందుకే ఉంగరానికి వద్దు, లాకెట్‌కో చెవిదిద్దులకో వాడండి.

గోరువెచ్చని నీటిలో కొంచెం సబ్బు కలిపి, మెత్తని బట్టతో తుడిచి, వెంటనే ఆరబెట్టండి. నిమ్మరసం, వెనిగర్ వంటి ఆమ్లాలు కార్బొనేట్‌ను కరిగిస్తాయి. ధ్వని తరంగాలతో నగలు శుభ్రం చేసే అల్ట్రాసోనిక్ యంత్రమూ పనికిరాదు.

ఇక ఊరట సంగతి. దక్షిణ అమెరికాను ఒకప్పుడు ఏలిన ఇంకా (Inca) సామ్రాజ్యం పేరిట దీన్ని ‘ఇంకా గులాబీ’ అంటారు. ఆ ఇంకా సామ్రాజ్యపు రాజుల, రాణుల రక్తమే రాయిగా మారిందని ఒక గాథ. స్ఫటిక వైద్యాన్ని నమ్మేవారు దీన్ని హృదయానికి, కరుణకు, పాత దుఃఖం నుంచి తేరుకోవడానికి గుర్తుగా భావిస్తారు. జబ్బు నయం చేస్తుందనడానికి ఆధారం లేదు. అయినా ఆ గుర్తుకు విలువ ఉందని నేను నమ్ముతాను. అరచేతిలో పట్టుకుని, ఎవరిని క్షమించాలనుకుంటున్నారో తలచుకుంటూ కొద్దిసేపు నిశ్శబ్దంగా కూర్చోండి. అంతవరకు చాలు. రాయి వేసిన నీటిని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తాగవద్దు. అందులో మాంగనీస్ ఉంటుంది, పక్కనే పెరిగిన సీసపు ఖనిజం గెలీనా కూడా దానికి అంటుకుని ఉండవచ్చు.