వానాకాలంలో మలావీకి సహాయ పరిచర్యకు వెళ్లే బృందాలకు జాగ్రత్తలు

యూదుల ఉపవాస దినం దాటి చలికాలం దగ్గరపడింది, ఇక ఓడ ప్రయాణం అపాయమని అపొస్తలుడైన పౌలు ముందే హెచ్చరించాడు. ఆయన్ని ఖైదీగా తీసుకెళ్తున్న రోమా శతాధిపతి ఆయన మాట కాదని నావికుడి మాట నమ్మాడు. ఓడ మెలితే (మాల్టా) ద్వీపం దగ్గర బద్దలైంది. ఎవరి ప్రాణానికీ హాని లేదని తుపాను మధ్యలో దేవదూత మాట విన్న పౌలే, అంతకుముందు కాలం చూసి ప్రయాణం వద్దన్నాడు. "సేవకే కదా వెళ్తున్నాం, దేవుడే చూసుకుంటాడు" అని మలేరియా మాత్రలు మానేసేవారు అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం మళ్లీ చదవాలి. అక్కడ మీరు జబ్బుపడితే మోయాల్సింది అప్పటికే ఇళ్లు కూలిపోయిన ఆ ఊరి సంఘమే.

ఆగ్నేయ ఆఫ్రికా దేశమైన మలావీలో వానలు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా పడతాయి. తుపాన్ల దెబ్బ ఎక్కువగా జనవరి–మార్చి నెలల్లో, మొజాంబిక్ వైపు నుంచి వస్తుంది. 2019లో ఇడాయ్, 2022లో ఆనా, 2023 మార్చిలో ఫ్రెడ్డీ తుపాన్లు వచ్చాయి. ఫ్రెడ్డీకి బ్లాంటైర్ కొండవాలు బస్తీలు బురదలో కూరుకుపోయాయి. అప్పటికే ఆ దేశం కలరాతో అల్లాడుతోంది. దక్షిణాన షిరే నది ఒడ్డునున్న చిక్వావా, న్సాంజే జిల్లాలు తరచూ మునుగుతాయి. వైద్యులు, నీటి పనివారు, సరుకుల లెక్క తెలిసినవారు తప్ప మిగతావాళ్లు తుపాను వచ్చిన మొదటి రెండు వారాల్లో వెళ్లకపోవడమే మేలు. ఆ రోజుల్లో ఒక్కో గది, ఒక్కో బండి, ఒక్కో క్యాను నీళ్లు అక్కడి జనానికే కావాలి. విమానం టికెట్ల డబ్బు పంపితే చాలు.

ఆరు వారాల ముందు

ఎల్లో ఫీవర్ టీకా దగ్గర చాలామంది పొరపడతారు. మలావీలో ఆ జ్వరం లేదు, కానీ మన విమానాలు చాలావరకు ఆడిస్ అబాబా లేదా నైరోబీ మీదుగా వెళ్తాయి. ఇథియోపియా, కెన్యా రెండూ ఆ జ్వరం ఉన్న దేశాల జాబితాలో ఉన్నాయి. ఈ టీకా వేయించుకున్నట్టు చూపే పసుపు కార్డు లేకుండా అటు నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలో ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టవచ్చు. టీకా వేయించుకున్న పదో రోజు నుంచే కార్డు చెల్లుతుంది, కాబట్టి చివరి వారంలో వేయించుకుంటే లాభం లేదు. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. 60 దాటినవారు, గుడ్డు తింటే తీవ్రమైన అలర్జీ వచ్చేవారు, రోగనిరోధక శక్తి తగ్గినవారు ముందుగా డాక్టరును అడగాలి. టీకా కుదరనివారికి జోహన్నెస్‌బర్గ్ మీదుగా వెళ్లే టికెట్ చూడండి.

టైఫాయిడ్, హెపటైటిస్ ఎ, ధనుర్వాతం టీకాలతో పాటు నోటి ద్వారా ఇచ్చే కలరా టీకా దొరికితే అదీ వేయించండి. దానికి కనీసం రెండు వారాల తేడాతో రెండు డోసులు కావాలి.

అక్కడి మలేరియా ఎక్కువగా ఫాల్సిపారం రకం, అంటే ప్రాణాంతకం. క్లోరోక్విన్ దానిమీద పనిచేయదు. డాక్టరు డాక్సీసైక్లిన్ రాస్తే రోజుకు 100 మి.గ్రా. చొప్పున, బయల్దేరడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక నాలుగు వారాల దాకా వేసుకోవాలి. భోజనం తర్వాత గ్లాసు నిండా నీళ్లతో మింగి, అరగంటైనా పడుకోకూడదు. లేకపోతే మాత్ర అన్నవాహికలోనే ఆగి పుండు పడుతుంది. ఎండకు చర్మం త్వరగా కమిలిపోతుంది, టోపీ తప్పనిసరి. గర్భిణులకు ఈ మందు పనికిరాదు. అటోవాక్వోన్–ప్రోగ్వానిల్ అయితే వచ్చాక ఏడు రోజులు చాలు, కానీ ఖరీదు ఎక్కువ. మందు పూసిన దోమతెర ఎవరిది వారే తీసుకెళ్లాలి.

మందులు, డబ్బు

సంఘంలో మిగిలిన మాత్రలు ఏరి సంచులు నింపుకుని వెళ్లకండి. దానమిచ్చే మందుకు అక్కడికి చేరేనాటికి కనీసం ఏడాది గడువు ఉండాలి, ఆ దేశపు అత్యవసర మందుల జాబితాలోనూ ఉండాలి. అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ముందే తీసుకోకపోతే పెట్టెలు కస్టమ్స్‌లోనే పాడవుతాయి. డాక్టర్లు, నర్సులు అక్కడి మెడికల్, నర్సింగ్ కౌన్సిళ్ల తాత్కాలిక నమోదు లేకుండా రోగిని ముట్టుకోకూడదు.

కొరింథు సంఘపు కానుక తీసుకెళ్లడానికి పౌలు తన సహచరుడు తీతుతో పాటు సంఘాలు ఏర్పరచిన మరో సహోదరుణ్ని పంపాడు, తమమీద ఎవరూ తప్పు మోపకుండా. మీ లెక్కలోనూ రెండు సంతకాలు ఉండనివ్వండి. ఒకరి జేబులో విదేశీ నోట్లు 3,000 డాలర్లకు మించకూడదు. అవి కొత్తవిగా, మడత మరక లేకుండా ఉండాలి, పాతవి అక్కడ మార్చరు. మిగతాది బ్యాంకు ద్వారా పంపి సరుకులు అక్కడే కొనండి. ట్రస్టు డబ్బు విదేశంలో ఖర్చుపెడితే, ప్రత్యేక అనుమతి లేనిదే ఆదాయపన్ను మినహాయింపు లెక్కలోకి రాదు. కాబట్టి ఆడిటరును వెళ్లేముందే అడగాలి.

పంపిణీ రోజు

మనిషికి రోజుకు సుమారు 400 గ్రాముల మొక్కజొన్న పిండి, 60 గ్రాముల పప్పు, 25 గ్రాముల నూనె చొప్పున, అయిదుగురున్న ఇంటికి 15 రోజులకు 30 కిలోల పిండి, నాలుగున్నర కిలోల పప్పు, రెండు లీటర్ల నూనె పడతాయి. పేర్ల జాబితా సంఘ పెద్ద ఒక్కరే రాయకూడదు. ఊరి పెద్దను, స్త్రీలను, పక్క మతాలవారిని కూర్చోబెట్టి రాయించండి. ముందురోజే టోకెన్లు ఇచ్చి, మధ్యాహ్నం మూడింటికల్లా ముగించండి. బరువులు మోసుకెళ్లే ఆడవాళ్లు చీకటిలో దారి నడవకూడదు.

సువార్త కూటం, బియ్యం సంచి ఒకే రోజు ఒకే చోట పెట్టవద్దు. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ 1876–78 కరువులో బకింగ్‌హాం కాలువ కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. కూలి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ కరువు పని సాగినంత కాలం బాప్తిస్మాలే ఆపేశాడు. పని ముగిశాక 1878 జూలై 3న, ఒక్కరోజే 2,222 మందికి గుండ్లకమ్మ ఒడ్డున బాప్తిస్మాలు జరిగాయి. ఆకలితో ఉన్నవాడు దేనికైనా తలూపుతాడు. ఆ తలూపుడును విశ్వాసంగా లెక్కగట్టి రిపోర్టు రాసేవాడు ఆ మనిషికీ, ప్రభువుకూ అన్యాయం చేసినట్టే. పిల్లల ఫొటోలు తల్లిదండ్రుల అనుమతితోనే తీయాలి. ఏ పిల్లవాడి దగ్గరా మన వాళ్లెవరూ ఒంటరిగా ఉండకూడదు.

నీళ్లు, దారి

క్లోరిన్ మాత్రల్లో 67 మి.గ్రా. బిళ్ల 20 లీటర్ల తేట నీటికి సరిపోతుంది, వేశాక అరగంట ఆగాలి. నీళ్లు మురికిగా ఉంటే ముందు గుడ్డతో వడకట్టి, రెండు బిళ్లలు వేయాలి. బురదే క్లోరిన్‌ను తినేస్తుంది కనుక వడకట్టకుండా ఎన్ని వేసినా ఉపయోగం తక్కువ. ఓఆర్ఎస్ పొట్లాలు అయిపోతే లీటరు శుద్ధమైన నీటికి ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, రెండూ తలగొట్టి కొలిచి కలపండి. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు ప్రమాదం.

రోడ్డు మీద పారే నీటిలోకి బండి దించవద్దు. అడుగు లోతు వరద కారును తేల్చేస్తుంది, కింద రోడ్డు కోసుకుపోయిందో లేదో పైకి తెలియదు. రాత్రి ప్రయాణాలు పూర్తిగా మానండి. మలావీ సరస్సు ఎంత తేటగా కనిపించినా దిగకండి, నత్తల నుంచి వచ్చే బిల్హార్జియా పురుగు చర్మం గుండానే లోపలికి పోతుంది. పొరపాటున దిగినవారు ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత పరీక్ష చేయించుకుని, తేలితే ప్రాజిక్వాంటెల్ వాడాలి.

వైద్య శిబిరంలో వాడిన సూది గుచ్చుకుంటే సబ్బు నీళ్లతో కడిగి, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. హెచ్ఐవి నివారణ మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి, ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. అత్యవసర తరలింపు ఖర్చు కూడా భరించే ఇన్సూరెన్సు ప్రతి ఒక్కరికీ ఉండాలి.

ఇంటికి వచ్చాక మూడు నెలల్లోపు ఏ జ్వరం వచ్చినా, మాత్రలన్నీ సరిగ్గా వేసుకున్నవారైనా, అదే రోజు మలేరియా పరీక్ష చేయించుకోవాలి. డాక్టరు అడగకపోయినా ఆఫ్రికా వెళ్లొచ్చామని మీరే చెప్పండి. మొదటి పరీక్షలో ఏమీ కనిపించకపోయినా జ్వరం తగ్గకపోతే మరో రెండు రోజుల్లో మళ్లీ రెండుసార్లు రక్తం చూపించండి.