వీపు బ్లోవర్ కొనేముందు ఒకసారి తగిలించుకుని చూడండి

లాన్ మెయింటెనెన్స్ పనులు చేసేవాళ్ళు బ్యాక్‌ప్యాక్ బ్లోవర్, అంటే వీపుకి తగిలించుకుని గాలితో ఆకులు తోసే మెషిన్, కొందామనుకుంటే ఒక్క మాట. షాపులో ముందు ఇంజన్ సీసీ, గాలి స్పీడే చెప్తారు, మీరు సీఎఫ్ఎమ్ ఎంతో అడగండి, అంటే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి వస్తుందో అది. స్పీడు తడిసి అతుక్కున్న ఆకుని లేపుతుంది గానీ కుప్పని మొత్తం ముందుకి తోసేది ఈ సీఎఫ్ఎమ్మే. మా కొండాపూర్ సైడు రెయిన్ ట్రీ ఆకులు రాలితే చూడాలి, పిసరంత ఆకులు గడ్డి సందుల్లో దూరిపోతాయి, చీపురుకి ఒక పట్టాన రావు.

ఇంకోటి, బరువు. ఖాళీ ట్యాంకుతో ఎత్తి చూసి బానే ఉందిలే అనుకుని నేను తెచ్చుకున్నా, నడుం బెల్టు లేదు, గంటకే భుజాలు పోయాయి. కాబట్టి ఫుల్ ట్యాంక్ పోయించి, తగిలించుకుని, స్టార్ట్ చేసి షాపు ముందే పది నిమిషాలు నడవండి, వాడేమనుకుంటే మనకేంటి.

టూ స్ట్రోక్ ఇంజన్ అయితే పెట్రోల్లో ఆయిల్ కొలిచి కలపండి, మాన్యువల్‌లో 50:1 అని ఉంటే లీటరు పెట్రోలుకి 20 ఎంఎల్ ఆయిల్, అందాజాగా పోస్తే ఇంజన్ పట్టేస్తది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ కలిపిన పెట్రోలు, నెలల తరబడి వాడకపోతే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజన్ ఆగిపోయేదాకా నడిపి పెట్టండి, లేదంటే కార్బొరేటర్‌లో జిగురు కడుతుంది.

ఇంజన్ మోతకి చెవులు కప్పే ఇయర్ మఫ్స్ కూడా అప్పుడే తీసేసుకోండి, దూది సరిపోదు.